జాన్ లౌడన్ మెకాడమ్

జాన్ లౌడన్ మెకాడమ్ (సెప్టెంబరు 1756 - నవంబరు 26, 1836) స్కాట్లండుకు చెందిన ప్రముఖ రహదారుల నిర్మాత. చిన్న కంకరను పొరలుగా పరచి గట్టి బాటను తయారుచేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడు. ఆ పద్ధతికి మెకాడమ్ అనే పేరే స్థిరపడింది. మన ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు నిత్యం వాడే డబ్ల్యు.బి.ఎమ్. రోడ్డు అన్న మాటలో చివరి అక్షరం ఈయన పేరే. కొత్త రోడ్లు వేయడం కంటే పాడైన పాత రోడ్లను బాగుచేయడం గురించే ఈయన ఎక్కువగా శ్రమించాడు.

తొలి జీవితం

మెకాడమ్ స్కాట్లండులోని ఎయిర్ పట్టణంలో జన్మించాడు. 1770లో తండ్రి మరణించగా, న్యూయార్కులో వర్తకుడైన పినతండ్రి వద్దకు చేరాడు. అక్కడ వ్యాపారంలో బాగా సంపాదించి, 1778లో గ్లోరియానా నికోల్‌ను వివాహమాడాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిషు పక్షాన నిలిచిన ఈయన, యుద్ధం ముగిసిన 1783లో స్వదేశానికి తిరిగివచ్చి ఎయిర్‌షైర్‌లో సాక్రీ అనే ఎస్టేటు కొన్నాడు.

ఆ ప్రాంతపు సుంకపు రోడ్ల ట్రస్టులో ధర్మకర్తగా ఉంటూ రోడ్ల దుస్థితిని దగ్గరగా చూశాడు. తన ఎస్టేటులో సొంత ఖర్చుతో బాటలు వేయించి ప్రయోగాలు చేశాడు. ఇంజనీరింగు చదువు చదివినవాడు కాదు. తెలిసినదంతా చూచి, చేసి నేర్చుకొన్నదే. తరువాతి కాలంలో రోడ్ల పరిశీలనకై సుమారు 30,000 మైళ్ళు తిరిగి, 5,000 పౌండ్లకు పైగా సొంత సొమ్ము వెచ్చించాడు.

బ్రిస్టల్‌లో పని

1816లో బ్రిస్టల్ ట్రస్టుకు సర్వేయరుగా నియమితుడయ్యాడు. సుమారు 150 మైళ్ళ (240 కి.మీ.) రోడ్లు ఈయన ఆధీనంలోకి వచ్చాయి. అప్పటి వరకు రోడ్డు గుంతలు పడితే మరికొంత రాయి, మట్టి తెచ్చి పోయడమే మరమ్మతు. సుంకం రూపంలో ప్రజలు చెల్లించిన డబ్బు ఇలా ఏటేటా బురదలో కలిసిపోయేది. రోడ్డుకు కొరత రాయి కాదని, లోపం నీటిని బయటకు పంపకపోవడంలో ఉందని మెకాడమ్ గ్రహించాడు. బరువును మోసేది అడుగున ఉన్న సహజమైన నేలయే; అది పొడిగా ఉన్నంతకాలం ఎంత బరువునైనా మోస్తుంది; పైనున్న కంకర ఆ నేలకు కప్పు మాత్రమే. ఇదీ ఈయన సిద్ధాంతం.

మరమ్మతు పద్ధతి

ముందుగా రోడ్డును పక్క నేల కంటే ఎత్తు చేసి, ఇరువైపులా కాలువలు తీయాలి. నీరు జారిపోయేలా మధ్యభాగం కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండాలి. 30 అడుగుల వెడల్పు రోడ్డుకు 3 అంగుళాల ఎత్తు చాలునన్నాడు.

పాత రోడ్డు మీద వెంటనే కొత్త రాయి వేయనిచ్చేవాడు కాదు. ఉన్న రాళ్ళనే గునపాలతో పెళ్ళగించి, దంతెతో పక్కకు లాగి, పగులగొట్టి తిరిగి పరిపించేవాడు. దీనివలన రాయి తోలే ఖర్చు చాలావరకు తప్పేది. ఏ రాయీ 6 ఔన్సుల బరువు (సుమారు 170 గ్రాములు) మించరాదు. కూలీలు రాయిని నోటిలో పెట్టుకొని పరిమాణం చూసేవారని, పళ్ళు లేని కూలీ ఒకడు పెద్ద రాళ్ళు వేశాడని ఒక కథ చెబుతారు. నిజమెంతో కాని, కథ మాత్రం నేటికీ నిలిచింది. మూలలు దేలిన రాళ్ళు బండిచక్రాల ఒత్తిడికి ఒకదానిలో ఒకటి బిగుసుకొంటాయి. ఏటిలోని గుండ్రాళ్ళకు ఆ గుణం లేదు. మట్టి, సుద్ద వంటివి కలపడాన్ని గట్టిగా నిషేధించాడు. అవి నీటిని పట్టి ఉంచుతాయి.

పై పొర అరిగితే, పాత ఉపరితలాన్ని గునపంతో కొంచెం గీరి, తడిగా ఉన్నప్పుడే పలుచగా కంకర వేయాలి. ఎండలో వేసిన కంకర అతుక్కోక దొర్లిపోతుంది.

కృష్ణా డెల్టాలో

విజయవాడకు దిగువన బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు వెళ్ళేకొద్దీ చాలావరకు నల్లని బంకనేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. రోడ్ల పక్కనే వరిచేలు, కాలువలు ఉండటంతో నేల ఆరే నెలలు తక్కువ. రాయి కూడా స్థానికంగా దొరకదు. 1852-55 మధ్య కట్టిన కృష్ణా ఆనకట్టకు నదికి ఇరువైపులా ఉన్న కొండలనుండే రాయి తీశారు. డెల్టా లోపలి ఊళ్ళకు ఆ సౌలభ్యం లేదు. అందుచేత ఇక్కడ బురదలోకి దిగిపోయిన ప్రతి బండెడు కంకర రెట్టింపు నష్టమే. పెద్ద రోడ్డు నుండి రైసుమిల్లుకో, తోటలోని ఇంటికో వేసుకొన్న పొడవాటి గ్రావెల్ బాట రెండు వానాకాలాలకే గాళ్ళు పడితే, కారణం సాధారణంగా పక్కకాలువ పూడిపోవడమే. కాలువ తీయకుండా గ్రావెల్ తోలడం బ్రిస్టల్‌లో మెకాడమ్ మాన్పించిన అలవాటే.

అయితే మన డబ్ల్యు.బి.ఎమ్. రోడ్డు అచ్చంగా మెకాడమ్ రోడ్డు కాదు. కంకర సందులలో గ్రావెల్, రాతిపొడి నింపి, నీరు చల్లి, రోలరు నడపడం తరువాత వచ్చిన మార్పు. తారు కలిపిన టార్మాక్ కూడా ఈయనది కాదు. 1902లో ఎడ్గర్ హూలీ దానికి పేటెంటు పొందాడు.

చివరి రోజులు

1827లో లండను పరిసర రోడ్లకు సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. పార్లమెంటు ఈయన వెచ్చించిన సొమ్మును తిరిగి చెల్లించి పారితోషికం కూడా ఇచ్చింది. సర్ బిరుదు ఇవ్వజూపగా నిరాకరించాడు. ఆ బిరుదు 1834లో కుమారుడు జేమ్స్‌కు లభించింది. స్కాట్లండు పర్యటన నుండి తిరిగివస్తూ మొఫాట్ అనే ఊరిలో మరణించాడు. అక్కడే ఖననం చేశారు.