తిరుత్తణి విద్యార్థి తొలి పరిశోధన

సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు చెప్పగానే రాష్ట్రపతి పదవి, ఉపాధ్యాయ దినోత్సవం స్ఫురిస్తాయి. ఇరవై ఏళ్ల ప్రాయంలో ఆయన గ్రంథాలు శోధించి రచించిన పరిశోధన వ్యాసాన్ని గురించి మాత్రం మన ప్రాంతంలో అంతగా చెప్పుకోరు.

రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో జన్మించారు. తండ్రి వీరాస్వామి, తల్లి సీతమ్మ. ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లి గ్రామాన్నిబట్టి వచ్చినది. తిరుత్తణి, తిరుపతి, వేలూరులలో చదివి, విద్యార్థి వేతనాల ఆసరాతో మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరారు. తత్త్వశాస్త్రం ఆయన ముందుగా ఎంచుకొన్న విషయం కాదు. అదే కళాశాలలో పట్టా పొందిన బంధువొకరు తన పాఠ్యగ్రంథాలను ఇచ్చివేయగా, కొనే స్తోమత లేని రాధాకృష్ణన్ ఆ శాస్త్రాన్నే స్వీకరించారు. పుస్తకాల కొరత ఒక మహాపండితుని దారిని నిర్ణయించిందన్నమాట!

ఆ కళాశాల ఆచార్యులలో క్రైస్తవ మిషనరీలు ఉండేవారు. వేదాంతంలో నీతికి తావు లేదని, జగత్తు మిథ్య అయినప్పుడు మంచిచెడ్డల విచారణకు అర్థం లేదని నాటి మిషనరీ పండితుల విమర్శ. ఇది ఆ యువకుని మనస్సును నొప్పించింది. ఆయన వాగ్వాదానికి దిగలేదు, మూలగ్రంథాలను ఆశ్రయించారు. ఎం.ఏ. పట్టాకోసం వేదాంత నీతిని, దాని తాత్త్విక ప్రాతిపదికలను గూర్చిన వ్యాసాన్ని సమర్పించారు. అది 1908లో గ్రంథరూపం దాల్చింది. తమ మతానికి చెందిన వాదాన్నే ఖండించిన ఈ వ్యాసం ఆచార్యుడు ఆల్ఫ్రెడ్ జార్జి హాగ్‌కు ఆగ్రహం కలిగిస్తుందేమోనని రాధాకృష్ణన్ జంకారు. హాగ్ మాత్రం విద్యార్థి అవగాహనను మెచ్చుకొంటూ యోగ్యతాపత్రం ఇచ్చారు. తనతో ఏకీభవించని శిష్యుని శ్రమకు విలువ కట్టగలిగిన ఆ గురువుకు కూడా ఈ కథలో వాటా ఉంది. తరువాతి కాలంలో రాధాకృష్ణన్ ఆ రచనను కుర్రతనపు పనిగానే ఎంచారు. అయినా 1923, 1927లలో రెండు సంపుటాలుగా వెలువడిన భారతీయ తత్త్వశాస్త్ర గ్రంథానికి బీజం అక్కడే పడింది.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో మొదలైన అధ్యాపక జీవితం మైసూరు, కలకత్తా, ఆక్స్‌ఫర్డ్‌ల వరకు సాగింది. నడుమ 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షత వహించారు. ఉపన్యాసాలకు తోడుగా గ్రంథాలయ అధ్యయనం, వ్రాతపని, చిన్న బృందాలలో చర్చ ఉండాలని, ఏ కోర్సుకూ నిర్ణీత పాఠ్యపుస్తకం ఉండరాదని 1949 నాటి ఆ సంఘ నివేదిక సూచించింది. ఈ చివరి సూచనను మన కళాశాలలు పట్టించుకోలేదనే చెప్పాలి. గైడు పుస్తకంలోని నాలుగు పుటలు నకలు చేసి ఇస్తే అసైన్‌మెంటు అయిపోతున్నది. తప్పు విద్యార్థిది మాత్రమే కాదు, ఒకే పుస్తకంలో జవాబు దొరికే ప్రశ్న ఇచ్చిన అధ్యాపకునిది కూడా.

రాధాకృష్ణన్ 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన పుట్టిన ఊరు రాష్ట్రం మారి పదిహేనేళ్లు. గ్రామాన్ని ప్రమాణంగా తీసుకొన్న పటాస్కర్ తీర్పు ననుసరించి తిరుత్తణి 1960లో చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ తీర్పు న్యాయమైనదేనా అని ఆత్తిపట్టు, తిరువళ్లూరు, తిరుత్తణి విద్యార్థులను అడిగి చూడవచ్చు. 1951 జనాభా లెక్కలు, పాత ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్, ఆనాటి తెలుగు, తమిళ పత్రికలు మూడూ తిరగవేయనిదే జవాబు రాయడం వీలుకాదు.