చిత్రకారుని చేయి, యజమాని పేరు

దేవాలయమును కట్టించిన ప్రభువు పేరు శాసనమున నిలుచును. స్తంభములను చెక్కిన శిల్పి పేరు తరచుగా ఎవ్వరికిని తెలియదు. ఇరువదవ శతాబ్దమున వర్ధిల్లిన చలనచిత్రకళయందును ఈ రీతి మారలేదు. మిక్కీ మౌస్ అను ఎలుక బొమ్మను, వాల్ట్ డిస్నీ పేరును ఎఱుగని పట్టణవాసులు అరుదు. కాని ఆ ఎలుకకు మొదట నడక నేర్పిన చేయి అబ్ ఐవర్క్స్‌ది. చిత్రకారులలో నతడు సుప్రసిద్ధుడే. ప్రేక్షకలోకమున మాత్రము అతని పేరు మరుగున పడినది.

ఐవర్క్స్ 1901 మార్చి 24న అమెరికా దేశమున మిస్సోరీ రాష్ట్రమందలి కాన్సస్ సిటీలో జన్మించెను. జర్మనీ నుండి వలసవచ్చిన తండ్రి కుటుంబమును విడిచిపోగా, కుమారుడు చిన్నతనముననే ఉపాధి వెదకుకొనవలసి వచ్చెను. 1919లో ప్రకటనలకు బొమ్మలు గీయు ఒక కార్యాలయమున అతనికి డిస్నీతో పరిచయ మయ్యెను. ఇరువురును ఒకే ఏట పుట్టినవారు. 1920లో కలిసి పెట్టిన వ్యాపారము నిలువలేదు. పిమ్మట డిస్నీ స్థాపించిన సంస్థయు 1923లో దివాలా తీసెను. డిస్నీ హాలీవుడ్డునకు పోయి మరల చిత్రములు తీయ నారంభింపగా, 1924లో ఐవర్క్స్ అచ్చటికి చేరెను. డిస్నీది మాటనేర్పు, కథాకల్పనము, సాహసము. ఐవర్క్స్‌ది మౌనము, చేతివేగము, యంత్రజ్ఞానము.

1928 ఆరంభమున వారికి పెద్ద దెబ్బ తగిలెను. వారు పెంచి పేరు తెచ్చిన ఆస్వాల్డ్ అను కుందేటి బొమ్మపై హక్కు యూనివర్సల్ కంపెనీదై యుండెను. మధ్యవర్తియైన చార్లెస్ మింట్జ్ డిస్నీ చిత్రకారులలో పెక్కుమందిని తనవైపునకు త్రిప్పుకొనెను. ఐవర్క్స్ మాత్రము కదలలేదు. తలుపు మూసికొని, క్రొత్త ఎలుక బొమ్మతో ప్లేన్ క్రేజీ అను చిత్రమును దాదాపు ఒంటిచేతితో గీచెను. దినమునకు 700 బొమ్మల వరకు గీచెనని ప్రసిద్ధి.

అది మూకచిత్రము, కొనువారు లేకపోయిరి. వాక్చిత్రయుగము అప్పుడే తలయెత్తుచుండెను. శబ్దముతో కూడిన చిత్రము సెకనుకు 24 ఛాయల చొప్పున తప్పక నడువవలెను. కావున ఒక్కొక తాళమునకు ఎన్ని ఛాయలు పట్టునో ముందుగనే లెక్కింపవచ్చును. ఈ లెక్కపై నిర్మింపబడిన స్టీమ్‌బోట్ విల్లీ 1928 నవంబరు 18న న్యూయార్కు నగరమున ప్రదర్శింపబడి లోకమును ఆకర్షించెను. ఆ చిత్రపు పేరుపలకపై ఐవర్క్స్ నామము ఉన్నది. ప్రజలకు గుర్తున్నది డిస్నీ నామమే. 1929లో అస్థిపంజరములు నాట్యమాడు ది స్కెలిటన్ డాన్స్ చిత్రముతో ఐవర్క్స్ ప్రతిభ శిఖరము నందుకొనెను.

ఆ తరువాతనే మిత్రభేదము కలిగెను. బొమ్మలన్నియు తానే గీయవలెనని ఐవర్క్స్ పట్టు. ముఖ్యమైనవి మాత్రము గీచి, నడిమి బొమ్మలను సహాయకులకు విడువవలెనని డిస్నీ కోరిక. అతడు కూర్చిన కాలగణనమును డిస్నీ మార్చుటయు అతనిని నొప్పించెను. 1930 జనవరిలో ఐవర్క్స్ సంస్థలోని తన ఇరువది పాళ్ల వాటాను 2,920 డాలర్లకు విడిచి, పాట్ పవర్స్ పెట్టుబడితో స్వంత చిత్రశాలను నెలకొల్పెను.

అచ్చట ఫ్లిప్ అను కప్ప నాయకుడుగా 1933 వరకు 38 చిత్రములు వెలువడెను. పిమ్మట అల్లాఉద్దీను, సింద్‌బాదు మున్నగు కథలతో రంగుల చిత్రములు వచ్చెను. పాత షెవ్రొలే మోటారుకారు భాగములతో ఐవర్క్స్ ఒక కెమెరా యంత్రమును నిర్మించెను. గీచిన బొమ్మలను అంతరువులుగా అమర్చి, దూరము, దగ్గర తోచునట్లు ఫోటో తీయుటకు అది తోడ్పడెను. డిస్నీ సంస్థ ఇట్టి యంత్రముతో తీసిన ది ఓల్డ్ మిల్ చిత్రము వెలువడినది 1937లో. ఐనను ఐవర్క్స్ చిత్రశాల 1936లో మూతపడెను. చేతినేర్పు ఎంత యున్నను కథాబలము చాలకపోయెను. డిస్నీ గొప్పతన మెచ్చట నున్నదో దీనివలన తెలియును. ఈ న్యాయమును ఆతనికి చేయక తప్పదు.

1940లో ఐవర్క్స్ తిరిగి డిస్నీ సంస్థలో చేరెను. చిత్రకారుడుగా కాదు, యంత్రనిపుణుడుగా. పెన్సిలు గీతలను నేరుగా పారదర్శక పలకలపైకి ఎక్కించు జిరాక్సు పద్ధతి, సజీవనటులను గీచిన బొమ్మలతో కలుపు విధానము అతని కృషివలన వృద్ధి నొందెను. సాంకేతిక కృషికై రెండు ఆస్కారు గౌరవములు లభించెను. 1971 జూలై 7న అతడు కీర్తిశేషు డయ్యెను.

అతని స్వంత చిత్రముల గతి విచారకరము. రంగుల చిత్రములు పెక్కు నలుపు తెలుపు ప్రతులుగా ఇంటింట ప్రదర్శనములకు అమ్ముడుపోయెను. అరిగిన ప్రతులను చూచినవారు కర్తను సామాన్యుడని తలచిరి. ఇటీవలి దశాబ్దములలో సేకర్తలు మూలప్రతులను వెదకి, ఛాయవెంట ఛాయ శుభ్రపఱచి, అతని గీతకు పూర్వపు కాంతిని తెచ్చుచున్నారు. ఆస్వాల్డు మూకచిత్రములలో పోయినదనుకొన్న స్లే బెల్స్ 2015లో బ్రిటిషు చలనచిత్ర భాండాగారమున బయటపడినది.

ఇది కేవలము వినోదాభిలాషుల పని కాదు. స్టీమ్‌బోట్ విల్లీపై అమెరికాలో స్వామ్యపు హక్కు 2024 జనవరి 1న ముగిసినది. యజమాని హక్కునకు గడువు కలదు. కర్త పనికి గడువు లేదు. కాని పని నిలుచుటకు ప్రతి నిలువవలెను. ఆ నాటి నైట్రేటు ఫిల్ము తనంతట తానే శిథిలమగును, నిప్పు సోకిన క్షణములో దగ్ధమగును. మన దేశపు మొదటి వాక్చిత్రమైన ఆలం ఆరా 1931లో వెలువడినది. దాని ప్రతి యొక్కటియు నేడు దొరకుట లేదు. పాత పెట్టెలలో ఫిల్ము చుట్టలు పడియున్న కుటుంబములును, చిత్రశాలల వారసులును వానిని పాతసామానుల వానికి అమ్మక, భాండాగారములకు అప్పగింతురు గాక. మరుగుపడిన శిల్పికి మనము చెల్లింపగల కూలి అదియే.