తోకచుక్కకు భయపడని గురజాడ



1910 మే నెలలో తెల్లవారుజామున తూర్పు ఆకాశంలో హేలీ తోకచుక్క కనిపించింది. ఆ నెల 6న ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డు చనిపోయాడు. తోకచుక్క పొడిస్తే రాజుకు చేటు అని తరతరాలుగా నమ్మినవారికి ఇంకేం సాక్ష్యం కావాలి? పైగా ఆ నెల 19 ప్రాంతంలో భూమి ఆ తోక గుండా వెళ్తుందని, ఆ తోకలో విషవాయువు ఉందని పత్రికల్లో వచ్చింది. అమెరికా, ఐరోపాల్లో చదువుకున్నవాళ్లు కూడా బెదిరిపోయారు. అమెరికాలో విరుగుడు మాత్రలు అమ్మి సొమ్ము చేసుకున్నవాళ్లున్నారు. చివరకు ఆ రోజు వచ్చింది, వెళ్లింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ ఏడే విజయనగరంలో గురజాడ వెంకట అప్పారావు గారు ఈ తోకచుక్కను ‘ముత్యాల సరములు’ అనే గేయంలోకి తెచ్చారు. కీడు మోసుకొచ్చే దూతగా ఆయన దాన్ని చూడలేదు. చాలాకాలానికి భూమిని పలకరించిపోవడానికి వచ్చిన చుట్టంగా చూశారు. సంఘ సంస్కరణకు ముందు నడిచే జెండాగా భావించారు. అప్పారావు గారు క్రైస్తవులు కారు. ఆయనను మనవారని చెప్పుకోవడం మా ఉద్దేశం కాదు. అయినా మన సంఘాల్లో చాలామందికి ఇంకా రాని ధైర్యం ఆయనకు ఎలా వచ్చిందో తెలుసుకోవడం మనకు మేలు.

ఆయన 1862 సెప్టెంబరు 21న యలమంచిలి ప్రాంతంలోని రాయవరంలో, మేనమామగారింట పుట్టారు. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వెంకట రామదాసు. చిన్నతనం చీపురుపల్లిలో గడిచింది. చదువుకోసం విజయనగరం వచ్చినప్పుడు మహారాజా కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు ఆయనకు నీడనిచ్చి, తిండి పెట్టి చదివించారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారితో స్నేహం అక్కడే మొదలైంది. 1882లో మెట్రిక్యులేషన్, 1886లో బి.ఏ. పూర్తిచేశారు. ఈ మధ్యలోనే 25 రూపాయల జీతానికి బడిపంతులుగా చేరి, తర్వాత కళాశాలలో లెక్చరర్ అయ్యారు. ఆనంద గజపతి మహారాజు ఆయన తెలివిని గుర్తించి సంస్థానంలో శాసనాల పరిశోధన అప్పగించారు. శిలాశాసనం చదివేవాడు అక్షరం అక్షరం సరిచూసుకున్న తర్వాతే మాట చెప్పాలి. ఆ అలవాటు ఆయన రచనల్లోనూ కనిపిస్తుందని మాకు అనిపిస్తుంది.

ఆ రోజుల్లో విశాఖపట్నం జిల్లాలో, అంటే ఇప్పటి విజయనగరం కూడా కలిసిన పెద్ద జిల్లాలో, బ్రాహ్మణ కుటుంబాలు కొన్ని డబ్బు పుచ్చుకుని పసిపిల్లలను ముసలివాళ్లకు కట్టబెట్టేవి. మహారాజు ఈ పెళ్లిళ్ల జాబితా తయారుచేయించారు. మూడేళ్లలో లెక్కకు వచ్చినవి 1,034. వాటిలో ఐదేళ్ల వయసులో పెళ్లయిన పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది నిండినవాళ్లు ముగ్గురు. అప్పారావు గారు తన ‘కన్యాశుల్కం’ ముందుమాటలో ఈ అంకెలను లోకం ముందు పెట్టారు. నాటకం 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో పెంచి మళ్లీ రాశారు.

ఈ అంకెల దగ్గర కాసేపు ఆగి ఆలోచించండి. ఇవి దొంగచాటు పెళ్లిళ్లు కావు. పంచాంగం విప్పి, తిథి వార నక్షత్రాలు చూసి, మంచి ముహూర్తం కుదిర్చి చేసేవే. ఆ ముసలి భర్త పోతే పదేళ్ల పిల్ల విధవ అయ్యేది. అప్పుడు తండ్రి ఆశను ఎవరూ తప్పుపట్టేవారు కారు, పిల్ల జాతకాన్ని తప్పుపట్టేవారు. మనిషి చేసిన పాపం గ్రహాల ఖాతాలో పడిపోయేది. ఆ ఖాతాను మనుషుల పేరు మీదకు తిరిగి మార్చడమే గురజాడ చేసిన పని. ఆయన నాటకంలో లుబ్ధావధాన్లు అన్ని శాస్త్రాలూ చూసుకునే తాళి కట్టాడు. అది ఆడవేషం వేసుకున్న కుర్రవాడి మెడలో పడింది! ఏ గ్రహమూ ఆ ముసలాయన చెవిలో చెప్పలేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పంచాంగంలో రెండు పనులు కలిసి ఉన్నాయి. మొదటిది గణితం: సూర్యచంద్రులు, గ్రహాలు ఏ రోజు ఎక్కడ ఉంటాయి, గ్రహణం ఎప్పుడు పడుతుంది అనే లెక్క. ఇది నిజమైన విద్య, దీనిని గౌరవించాలి. రెండవది ఫలం: ఆ గ్రహం ఆ ఇంట్లో ఉంటే ఈ మనిషికి ఇది జరుగుతుంది, ఈ దేశానికి అది జరుగుతుంది అని చెప్పడం. గ్రహణం చెప్పిన ఘడియకు పట్టేసరికి, ఫలం కూడా అంత నిజమేనని జనం నమ్ముతారు. అయితే ఒకటి నిజమైనంత మాత్రాన రెండవది నిజం కాదు. తన పేరు పెట్టుకున్న ఆ తోకచుక్క 1758లో తిరిగి వస్తుందని హేలీ లెక్కగట్టి, 1742లో కన్నుమూశాడు. 1758 డిసెంబరు 25న, క్రిస్మస్ రాత్రి, జర్మనీలో ఒక రైతు దాన్ని కనిపెట్టాడు. ఎప్పుడు వస్తుందో చెప్పినవాడు, వస్తే ఎవరు చస్తారో చెప్పబోలేదు.

కుజదోషం సంగతే చూడండి. మన వైపు సాధారణంగా చెప్పే లెక్కలో జాతకచక్రంలో ఉన్న 12 ఇళ్లలో 2, 4, 7, 8, 12 ఇళ్లలో కుజుడు ఉంటే దోషం అంటారు. పన్నెండింటిలో ఐదు! అంటే పుట్టినవాళ్లలో ఇంచుమించు ప్రతి పదిమందిలో నలుగురికి ఈ ముద్ర పడాలి. మినహాయింపులు చెప్పి, శాంతులు చేయించి దాన్ని తొలగించుకుంటారు. అవి చేయించుకోలేని పేదింటి అమ్మాయి మాత్రం ఆ ముద్రతోనే మిగిలిపోతుంది.

లోకం సంగతీ అంతే. 1962 ఫిబ్రవరి మొదటి వారంలో మకరరాశిలో ఎనిమిది గ్రహాలు కూడాయి. ప్రళయం వస్తుందని దేశమంతటా భయపడ్డారు, యజ్ఞాలు చేశారు. ప్రళయం రాలేదు. ఆ ఏడే సెప్టెంబరులో తెలుగువాళ్లు గురజాడ శతజయంతి జరుపుకున్నారు.

ఇప్పుడు మన మాట. ఆదివారం ఆరాధనలో ముందు వరుసలో కూర్చునే కుటుంబాలు కూడా పెళ్లి తేదీ అడగడానికి వచ్చేటప్పుడు జేబులో ముందే చూయించుకున్న ముహూర్తం పెట్టుకుని వస్తున్నాయి. మూఢం అని గృహప్రతిష్ఠ ప్రార్థన వాయిదా వేసేవారున్నారు. అమావాస్యనాడు ఆసుపత్రికి పోనివారున్నారు. అన్నిటికంటే మమ్మల్ని బాధపెట్టేది, నక్షత్రం మంచిది కాదని బాప్తిస్మం పొందిన ఇళ్లలోనే ఆడపిల్లల సంబంధాలు తప్పిపోవడం. ఆ పిల్ల ఏం తప్పు చేసింది? తల్లి గర్భంలో ఆమెను రూపించిన దేవుడు ఆమె పుట్టిన ఘడియను శపించి ఉంచాడా?

లేఖనాలు ఈ విషయంలో మొహమాటపడవు. ఆదికాండము మొదటి అధ్యాయంలో సూర్యచంద్రులు దేవుడు చేసిన దీపాలు. వాటికి కాలాలను తెలియజేసే పని ఉంది, మన బ్రతుకులను ఏలే అధికారం లేదు. ఆకాశంలోని సూచనలకు జనాలు భయపడినట్టు భయపడవద్దని యిర్మీయా పదవ అధ్యాయం చెబుతోంది. తూర్పు దేశపు జ్ఞానుల సంగతి కొందరు ఎత్తుతారు. వారు నక్షత్రాన్ని చూసి బయలుదేరి యెరూషలేముకు వచ్చారు. బేత్లెహేము అనే ఊరి పేరు వారికి తెలిసింది ప్రవక్త రాసిన మాట ద్వారానే. అక్కడికి చేరాక వారు నక్షత్రానికి మొక్కలేదు, శిశువుకు మొక్కారు.

అప్పారావు గారు 1915 నవంబరు 30న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే. ఆ కొద్ది జీవితంలో ఆయన ఆకాశంవైపు చూసి, తర్వాత కిందికి చూసి, పొరుగింటి పిల్ల కన్నీటికి కారణం ఎవరో చెప్పారు. సృష్టికర్తను ఎరిగిన మనం అంతకంటే తక్కువ చేయడం సబబు కాదు. సంఘ పెద్దలు, యౌవనస్థుల తల్లిదండ్రులు ఈసారి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి తాగుతాడా, పనిచేస్తాడా, అమ్మాయికి ఇష్టమేనా, కట్నం అడుగుతున్నారా అన్నవి విచారించండి. పుట్టిన నక్షత్రం అడగవద్దు. ఎవరైనా అడిగితే, అలాంటి లెక్క మన ఇంట్లో చూడమని మర్యాదగా, గట్టిగా చెప్పండి. దేవుడు మీకు ఆ ధైర్యం అనుగ్రహించును గాక.