నిప్పురవ్వను నమ్ముకున్న రాబర్ట్ బాష్

స్కూటరు మొరాయిస్తే మెకానిక్ మొదట విప్పేది స్పార్క్ ప్లగ్‌నే. మసిపట్టిన కొనను గీకి, తుడిచి, మళ్లీ బిగిస్తాడు. సరైన క్షణంలో గోరంత నిప్పురవ్వ పడకపోతే ఎంత పెద్ద పెట్రోలు ఇంజనైనా కదలదు. ఆ రవ్వ తప్పకుండా పడేలా చేసే పరికరాలతోనే రాబర్ట్ బాష్ కంపెనీ ప్రపంచానికి తెలిసింది. రేసు కార్ల ఇంజన్లను నడిపించే ఎలక్ట్రానిక్స్‌ను ఇప్పటికీ ఆ కంపెనీ తయారుచేస్తోంది. దాన్ని స్థాపించిన మనిషి మాత్రం డిగ్రీ ఉన్న ఇంజనీరు కాడు, చేతిపని నేర్చిన మెకానిక్. ఆ పని కూడా ఆయనకు ఎవరూ శ్రద్ధగా నేర్పలేదు.

1861 సెప్టెంబర్ 23న జర్మనీలోని ఉల్మ్ పట్టణం దగ్గర ఆల్బెక్ అనే పల్లెలో పుట్టారు. ఇంట్లో పన్నెండుమంది పిల్లలు, రాబర్ట్ పదకొండోవాడు. తల్లిదండ్రులకు పొలంతో పాటు బాటసారుల సత్రం ఉండేది. ఉల్మ్‌లో బడి చదువు ముగిశాక సూక్ష్మయంత్రాల పని నేర్చుకోవడానికి ఒక వర్క్‌షాపులో చేరారు. యజమానికి కుర్రాళ్లకు నేర్పాలన్న ధ్యాస లేదు. నేర్చుకోవలసిన ఆ ఏళ్లు చాలావరకు వృథా అయ్యాయన్న బాధ బాష్‌కు జీవితాంతం ఉండిపోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

ఆ తర్వాత ఏడేళ్లు ఊరూరా తిరిగి పనిచేశారు. స్టట్‌గార్ట్ సాంకేతిక కళాశాలలో కొన్ని నెలలు పాఠాలు విన్నారు. అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో ఎడిసన్ సంస్థలోనూ, ఇంగ్లండ్‌లో సీమెన్స్ సంస్థలోనూ పనిచేశారు. తండ్రి ఆస్తిలో తనకు వచ్చిన వాటాతో 1886 నవంబర్ 15న స్టట్‌గార్ట్‌లో సొంత వర్క్‌షాపు తెరిచారు. ఆయనకు తోడు ఒక మెకానిక్, చిల్లర పనులకు ఒక కుర్రాడు. టెలిఫోన్ల అమరిక, కాలింగ్ బెల్లులు, ఏ రిపేరు వస్తే అది చేసేవారు. మరుసటి ఏడాది ఒక గిరాకీ కోసం మాగ్నెటో అనే పరికరాన్ని తయారుచేశారు. దాన్ని కనిపెట్టింది ఆయన కాదు. అప్పటికే ఉన్న నమూనాను మెరుగుపరిచారు, అంతే.

మాగ్నెటో సూత్రం మన పదో తరగతి పిల్లలకు తెలిసిందే. అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట కదిలితే అందులో విద్యుత్తు పుడుతుంది. అంటే బ్యాటరీ అక్కర్లేదు, ఇంజన్ తిరుగుతున్నంతసేపూ రవ్వ పడుతూనే ఉంటుంది. తొలినాళ్ల కార్లలో కొన్నింటికి బ్యాటరీ ఉండేది, అది దారిలోనే అయిపోయేది. మరికొన్నింటిలో చిన్న దీపం మంటతో ఒక గొట్టాన్ని ఎర్రగా కాల్చి ఇంధనం అంటించేవారు. పెట్రోలు పక్కనే మంట! బాష్ మాగ్నెటో ఈ రెండు బెడదలనూ తప్పించగలదు. అయితే అది నిదానంగా తిరిగే, ఒకచోట బిగించిన ఇంజన్ల కోసం చేసింది. నిమిషానికి వెయ్యి చుట్లు దాటే కారు ఇంజన్ వేగాన్ని అందుకోలేదు.

ఆ వేగాన్ని అందుకోవడానికి పదేళ్లు పట్టింది. ఈలోగా వ్యాపారం దెబ్బతిని దాదాపు పనివాళ్లందరినీ పంపేయవలసి వచ్చింది. తల్లి అండ లేకపోతే షాపు మూతపడేదే. 1897లో ఫ్రెడరిక్ సిమ్స్ అనే వ్యాపారి ఒక మోటారు ట్రైసికిల్‌కు మాగ్నెటో అమర్చమని అడిగారు. షాపులోని ఆర్నాల్డ్ జేరింగర్‌కు ఉపాయం తట్టింది. బరువైన తీగచుట్టను కదలనివ్వకుండా ఉంచి, దాని చుట్టూ తేలికైన లోహపు తొడుగును మాత్రం కదిలించాడు. తర్వాత గాట్‌లోబ్ హోనోల్డ్ వంతు. ఒకప్పుడు ఇదే షాపులో పని నేర్చుకుని, పై చదువుకు వెళ్లిన ఆ యువకుణ్ణి బాష్ మళ్లీ పిలిపించుకున్నారు. 1902 నాటికి హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్క్ ప్లగ్‌ను సిద్ధం చేశాడు. అందుకే బాష్ గొప్పతనం కనిపెట్టడంలో కంటే, కనిపెట్టగల మనిషిని గుర్తించి అతనికి పని అప్పగించడంలోనే ఉందని నాకనిపిస్తుంది.

ఆ పరికరాలకు అసలు పరీక్ష రేసుల్లోనే జరిగింది. 1903లో ఐర్లండ్‌లో జరిగిన గోర్డన్ బెనెట్ పోటీలో మెర్సిడెస్ కారు నడిపి గెలిచిన బెల్జియం వాడు కమిల్ జెనాట్సీ. ఎర్రగడ్డం వల్ల, దూకుడు వల్ల అందరూ అతణ్ణి ఎర్రదెయ్యం అనేవారు. ఆ కారులో రవ్వ పుట్టించింది బాష్ మాగ్నెటో. తర్వాత కంపెనీ ప్రకటనల్లో కనిపించిన ఎర్రటి దెయ్యం బొమ్మకు జెనాట్సీ ముఖమే నమూనా. 1911లో అమెరికాలో మొదటి ఇండియానాపోలిస్ 500 మైళ్ల రేసు గెలిచిన రే హారౌన్ కారులోనూ బాష్ మాగ్నెటోనే ఉంది. గంటల తరబడి ఆగకుండా పరుగెత్తిన ఇంజన్‌కు మించిన ప్రకటన ఏముంటుంది? 1913 నాటికి కంపెనీ అమ్మకాల్లో చాలా భాగం జర్మనీ బయటే.

1906లో బాష్ తన ఫ్యాక్టరీలో ఎనిమిది గంటల పనిదినం తెచ్చారు. తోటి యజమానులు ఆయనకు ఎర్ర బాష్ అని పేరు పెట్టారు. అలాగని అంతా సాఫీగా సాగలేదు. 1913లో కార్మికుల సమ్మెతో ఆయన మనసు విరిగి, యజమానుల సంఘంలో చేరారు. పని నేర్చుకునే కుర్రాళ్ల కోసం ప్రత్యేక శిక్షణశాల తెరిచింది కూడా ఆ ఏడాదే. ఉల్మ్‌లో తనకు దొరకనిది తన దగ్గరికి వచ్చే పిల్లలకు దొరకాలన్న పట్టుదల అందులో కనిపిస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధ సరఫరాల మీద వచ్చిన లాభాలను పెద్దమొత్తంలో ప్రజాహిత పనులకు ఇచ్చేశారు. యుద్ధం వల్ల అమెరికాలోని ఫ్యాక్టరీ చేజారింది. 1921లో అప్పటికి ఉన్న ఏకైక కొడుకు దీర్ఘవ్యాధితో చనిపోయాడు. 1927లో డీజిల్ ఇంజన్ల పంపుల తయారీ మొదలుపెట్టారు. నాజీల కాలం గురించి మాత్రం రెండు మాటలూ చెప్పాలి. ఆయన యూదులకు రహస్యంగా సాయం చేశారు, హిట్లర్ వ్యతిరేకులకు ఆసరా ఇచ్చారు. అదే సమయంలో ఆయన ఫ్యాక్టరీలు యుద్ధసామగ్రి చేశాయి, బలవంతపు కూలీలతో పని చేయించాయి. 1942 మార్చి 12న మరణించారు.

ఆయన సంపద ప్రజాహితానికే వెళ్లాలన్న కోరిక మేరకు కంపెనీలో అత్యధిక వాటా తర్వాత ఆయన పేరిటి ధర్మసంస్థకు చేరింది. 1983లో నెల్సన్ పికే ఫార్ములా వన్ ఛాంపియన్ అయినప్పుడు ఆయన బీఎండబ్ల్యూ ఇంజన్‌ను అదుపు చేసింది బాష్ ఎలక్ట్రానిక్స్. మన దేశంలో 1951లో బెంగళూరులో మైకో పేరుతో మొదలై, ఆడుగోడిలో ప్లగ్గులూ డీజిల్ పంపులూ చేసిన కంపెనీ ఇదే. ఆ తర్వాత నాసిక్‌లోనూ ఫ్యాక్టరీ పెట్టారు. 2008లో మైకో పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా, చుట్టుపక్కల వాళ్ల నోట ఇంకా మైకోనే.