జోడేఘాట్ అమరుడు కొమురం భీము

చరిత్ర అనగానే రాజులు, కోటలు, దండయాత్రలు స్ఫురించుట సహజం. రామగిరి దుర్గాన్ని చూచినవారి మనస్సులో రాజవంశాల వైభవమే మెదలుతుంది. కాని ఆ దుర్గానికి ఉత్తరాన, గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న అరణ్యసీమలో సింహాసనం లేని ఒక వీరుడు తన జాతి నేల కోసం ప్రాణాలర్పించాడు. ఆయనే కొమురం భీము.

భీము గోండు జాతీయుడు. 1901లో ఆసిఫాబాద్ సమీపాన సంకేపల్లిలో జన్మించినట్లు ప్రసిద్ధి. ఆయన పూర్వులు సామాన్యులు కారు. 18వ శతాబ్దిలో మరాఠాల వశమయ్యే వరకు చాందా రాజ్యాన్ని పాలించినవారు గోండు రాజులే. అట్టి జాతి భీము పుట్టేనాటికి తన అడవిలోనే పరాయిదైపోయింది.

ఈ దుఃస్థితికి కారణం గ్రహించాలంటే గోండుల సేద్యాన్ని తెలుసుకోవాలి. కొండవాలులలోని తేలికపాటి నేలలను వారు కొన్నేళ్ళు దున్ని, సారం తగ్గగానే బీడుగా విడిచి వేరొక చోటికి తరలేవారు. నేల సేదదీరిన పిమ్మట మరల అక్కడికే వచ్చేవారు. సర్కారు సర్వే అధికారులకు ఈ మర్మం తెలియదు. సేదదీరుతున్న నేల వారి దృష్టిలో ఎవరికీ చెందని నేల. దానిలో కొంత రిజర్వు అడవిలో కలిసింది; మరికొంత పట్టాల రూపంలో బయటివారి పాలయింది. 1929లో కాజీపేట - బల్లార్షా రైలు మార్గం పూర్తయిన తరువాత వలసవచ్చేవారి సంఖ్య మరింత పెరిగినది. దస్తావేజుల భాష గోండులకు రాదు. వారి మాటకు దస్తావేజు లేదు.

భీము బాల్యంలోనే తండ్రి అటవీ సిబ్బంది చేతిలో మరణించాడని జనశ్రుతి. కుటుంబం సుర్దాపూరుకు తరలి వెళ్ళి సేద్యం చేసుకొనుచుండగా అక్కడనూ పంట విషయమై వివాదం పుట్టింది. ఆ ఘర్షణలో సిద్దిఖ్ అనే వ్యక్తి భీము చేతిలో మరణించాడు. అజ్ఞాతవాసం తప్పలేదు. చాందాలో ఒక ముద్రణాలయంలో పనిచేస్తూ చదువను, వ్రాయను నేర్చుకొన్నాడనీ, అటుపిమ్మట అస్సాం తేయాకు తోటలలో కూలీగా కొన్నేళ్ళు గడిపాడనీ చెబుతారు.

తిరిగివచ్చిన భీము తనవారితో కలిసి బాబేఝరి అడవిలో నేల చదును చేసి గుడిసెలు వేసుకొన్నాడు. అటవీ సిబ్బంది ఖాళీ చేయుమన్నారు, గుడిసెలు తగులబెట్టారు. ఇచట విద్యార్థులు ఒక విషయం గమనించాలి. భీము మొదట ఆయుధం పట్టలేదు, అర్జీ పట్టాడు. ప్రభువును దర్శించి గోడు విన్నవించుటకై హైదరాబాదు వరకు వెళ్ళాడనీ, దర్శనం లభించలేదనీ అంటారు. వినేవారు లేని పిమ్మటనే పన్నెండు గ్రామాల వారిని కూడగట్టి, నీటిపై, అడవిపై, నేలపై తమకే హక్కు కలదని చాటాడు. 1940లో జోడేఘాట్ కొండలపై పోలీసులు కాల్పులు జరిపారు. భీము, ఆయన అనుచరులు నేలకొరిగారు. నేటికీ ఆశ్వయుజ పౌర్ణమినాడు గోండులు అచట ఆయన వర్ధంతి జరుపుకొంటారు.

బ్రతికియుండగా వినిపించని మాట మరణానంతరం వినిపించింది. ఈ తిరుగుబాటుకు కారణాలు తెలుసుకొనుటకై నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన గోండుల నడుమ నివసించి వారి పక్షాన నివేదికలు వ్రాశాడు. వేలాది ఎకరాలకు గిరిజనుల పేరిట పట్టాలు లభించాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వెలసింది. 1949లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వెలువడింది. అటుపిమ్మట 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానిని మరింత కట్టుదిట్టం చేసిన 1970 నాటి ఒకటవ నిబంధన వచ్చాయి.

ఈ పోరాటాన్ని ఒక మతస్థుల పాలనపై మరొకరు జరిపిన తిరుగుబాటుగా చిత్రించుట న్యాయం కాదు. 1860లో నిర్మల్‌లో ఉరికంబమెక్కిన రాంజీ గోండు ప్రక్కన నిలిచి పోరాడినవారు రోహిల్లాలు. గోండుల భూములు హస్తగతం చేసుకొన్నవారిలో అన్ని వర్గాలవారూ ఉన్నారు. పైగా, నిజాం పాలన అంతరించి మూడు దశాబ్దాలు దాటిన పిమ్మట, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం గుమిగూడిన గోండులపై మరల కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే 13 మంది మరణించారు. ప్రభువులు మారినా అన్యాయం మారకున్న, దోషం మతంలో లేదు; ఏలబడేవారి జీవితాన్ని ఎరుగని శాసనంలోనూ, ఎరిగియు అమలు జరుపని అధికారంలోనూ ఉన్నది.

ఇది ఆదిలాబాదు గోండుల కథ మాత్రమే కాదు. ఆస్ట్రేలియా ఖండాన్ని సైతం ఆంగ్లేయులు ఎవరిదీ కాని నేలగానే భావించి ఆక్రమించారు. ఆ భావన చెల్లదని అచటి అత్యున్నత న్యాయస్థానం మేబో కేసులో తీర్పు చెప్పుటకు 1992 వరకు కాలం పట్టింది. మన దేశంలో షెడ్యూల్డు ప్రాంతాల గనులను ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వరాదన్న సమతా తీర్పు 1997లో వచ్చింది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది.

2016లో ఏర్పడిన జిల్లాకు ప్రభుత్వం కొమురం భీము పేరు పెట్టింది. జోడేఘాట్‌లో స్మారక మ్యూజియం నిర్మించింది. ఇవి సముచితమైన గౌరవాలే. కాని ఒక వీరునికి నిజమైన స్మారకం ఆయన ఏ అర్జీ పట్టుకొని తిరిగాడో దానికి లభించే జవాబే.

విద్యార్థి మిత్రులారా! బొగ్గు గనులను నమ్ముకొని జీవించే ప్రాంతం మనది. నేల అడుగున ఉన్న సంపదను లెక్కించే విద్య ఇచట పలువురికి అలవడింది. ఆ నేలపై ఎవరు నివసించారో, వారికి ఏమి దక్కిందో విచారించే విద్య కూడ మీకు అలవడాలి. మీలో రేపు తహసీల్దార్లు, సర్వేయర్లు, న్యాయవాదులు కాబోయేవారు ఉన్నారు. అక్షరం రాని మనిషి మీ బల్ల ముందు అర్జీతో నిలిచిననాడు, దానిని చివరివరకు చదవండి. భీముకు మనం సమర్పించగల నివాళి అదియే.