రవివర్మ చిత్రములలో కథయు వెలుగును

కవికి కథ చెప్పుటకు కావలసినంత వ్యవధి కలదు. హరిదాసు తెల్లవారువరకు ఒకే ఘట్టమును విస్తరించి చెప్పగలడు. చిత్రకారునికి అట్టి అవకాశము లేదు. అతనికి దక్కునది ఒక్క క్షణము. ఆ క్షణమునకు పూర్వము జరిగినదియు, పిమ్మట జరుగబోవునదియు చూపరి మనస్సునకు దానంతట తోచునట్లు అతడు చేయవలెను. ఇందుకు అతని చేతిలోని సాధనములు ముఖ్యముగా రెండు: మూర్తులను నిలుపు తీరు, వానిపై వెలుగును పడనిచ్చు తీరు. ఈ రెంటిని వశపరచుకొని మన పురాణకథలను నూనెరంగులలో చెప్పిన భారతీయులలో అగ్రగణ్యుడు రాజా రవివర్మ.

రవివర్మ 1848 ఏప్రిల్ 29వ తేదీన తిరువాన్కూరు సంస్థానమందలి కిళిమానూరులో జన్మించెను. తండ్రి నీలకంఠ భట్టతిరిపాడు సంస్కృత పండితుడు. తల్లి ఉమాంబ కవయిత్రి. పురాణ పఠనము, సంగీతము, కథకళి ఆ యింటివారికి నిత్యపరిచయములు. కథకళి ఆట చీకటిరాత్రి ఒక పెద్ద దీపము నెదుట సాగును. ఆ దీపపు వెలుగులోనికి నటుని ముఖము వచ్చినప్పుడే కథ నడచును. వెలుగు చాలని చోట కథయు నుండదు. బాల్యమున ఇట్టి దృశ్యములను చూచి పెరిగినవానికి వెలుగునకును కథకును గల సంబంధము ఒకరు చెప్పకయే తెలిసియుండును. బాలుడు బొగ్గుతో ఇంటిగోడలపై బొమ్మలు గీయగా, మేనమామ రాజరాజవర్మ కోపగింపక, తానే చేరదీసి చిత్రలేఖనము నేర్పెను.

1862లో ఆ మేనమామయే అతనిని తిరువనంతపురమునకు తీసికొనిపోయి ఆయిల్యం తిరునాళ్ మహారాజునకు చూపెను. మహారాజు ఆదరించెను గాని విద్య మాత్రము సులభముగా లభింపలేదు. నూనెరంగుల పని నాడు మనదేశమున క్రొత్తది. దానిని తెలిసిన ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయుడు ఆ మర్మమును ఈ యువకునికి చెప్పుటకు సమ్మతింపలేదు. 1868లో ఐరోపానుండి థియొడోర్ జెన్సన్ అను చిత్రకారుడు రాజకుటుంబము వారి రూపచిత్రములు వ్రాయుటకు వచ్చెను. అతడును పాఠము చెప్పలేదు. తాను వ్రాయుచుండగా చూచుటకు మాత్రము అనుమతించెను. రవివర్మ చూచెను, ఇంటికి వచ్చి ప్రయత్నించెను, చెడగొట్టెను, మరల ప్రయత్నించెను. గురుముఖమున దొరకని విద్యను కన్నులతోనే సంపాదించెను.

ఆ విద్యలోని విశేషమేమి? నీటిరంగు పూసిన కొంతసేపటికే ఆరిపోవును. నూనెరంగు కొన్ని దినములవరకు తడిగానే యుండును. కావున ఒక రంగు అంచును మరియొక దానిలో మెల్లగా కలుపవచ్చును. నీడనుండి వెలుగునకు గీత కనబడకుండ నడిపింపవచ్చును. ముదురురంగు ఆరిన పిదప దానిపై పలుచని పూతలు వేసి లోతు తేవచ్చును. పట్టుచీర మెరుపు, ముత్యపు నునుపు, చెక్కిలిపై వెలుగు ఈ మార్గముననే సాధ్యమయ్యెను. 1873లో మద్రాసు ప్రదర్శనమున బహుమానము వచ్చెను. ఆ సంవత్సరమే వియన్నా ప్రదర్శనమునందును అతనికి గౌరవము లభించెను. 1876లో ప్రదర్శించిన శకుంతలా పత్రలేఖన చిత్రమును మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు కొనెను.

శకుంతల కథలోనిదే మరియొక చిత్రము తిరువనంతపురమున కలదు. శకుంతల చెలులతో నడచుచు, అరికాలిలో గ్రుచ్చుకొనిన దర్భమొనను తీసికొను నెపమున నిలిచి, వెనుకకు తిరిగి చూచుచుండును. దుష్యంతుడు చిత్రములో లేడు. అయినను చిత్రమంతయు అతనిదే. శకుంతల ఒక చేయి చెలి భుజముపై, రెండవ చేయి పాదముపై ఉన్నవి గాని ముఖము మాత్రము పోవలసిన త్రోవకు వ్యతిరేకముగా తిరిగియున్నది. శరీరము ఒక దిక్కునకు, మనస్సు ఒక దిక్కునకు పోవుచున్నవని ఆ మెడ మలుపే చెప్పును. వనము పచ్చని నీడలో అణగియుండగా ముఖముమీదను లేతరంగు వస్త్రముమీదను వెలుగు నిలుచును. చూపరి దృష్టి మొదట ఆ ముఖముపై పడి, అచ్చటినుండి ఆమె చూపు వెంట చిత్రపు హద్దును దాటి పోవును. కథానాయకుని వ్రాయకయే అతడున్నాడని నమ్మించుట సామాన్యమైన నేర్పు కాదు.

జటాయువధ చిత్రమున పద్ధతి వేరు. ఇక్కడ నెపము లేదు, నెమ్మది లేదు. రావణుడు ఒక చేత సీతను పట్టి, రెండవ చేత ఖడ్గము నెత్తియున్నాడు. పక్షీంద్రుని రెక్క తెగినది. సీత ఆ ఘోరమును చూడలేక చేతితో ముఖము కప్పుకొన్నది. ఖడ్గము, రావణుని బాహువు, జటాయువు శరీరము అన్నియు ఏటవాలుగా సాగి, నిలకడయైన గీత ఒక్కటియు లేకుండుటచే చూపరికి కాలిక్రింది నేల తప్పినట్లు తోచును. రావణుని నల్లని దేహము ప్రక్కన సీత తెల్లని మేను మరింత నిస్సహాయముగా కనబడును. సీత కన్నులు మూసికొనుటచే, ఆమె చూడలేని దానిని చూచు భారము మనపై పడును.

1899 నాటి హంసదమయంతి చిత్రమున మరల నిశ్శబ్దమే రాజ్యమేలును. ఎర్రచీర కట్టిన దమయంతి, ఆమె ఎదుట తెల్లని హంస: ఇంతే. హంస నలుని గూర్చి చెప్పుచున్నది, ఆమె వినుచున్నది. ఎరుపు, తెలుపు ఎదురెదురుగా నిలిచి తక్కిన రంగులను వెనుకకు నెట్టుచున్నవి. నలుడు ఇచ్చటను కానరాడు. లేనివారిని ఉన్నవారి ముఖములలో చూపుట రవివర్మకు ప్రీతియైన మార్గము.

1888లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడు పదునాలుగు పురాణచిత్రములు వ్రాయవలసినదిగా కోరెను. దమయంతి, సుభద్ర, సైరంధ్రి ఎట్టి వస్త్రములు ధరించిరి? దేశమంతకు ఒప్పుదలయగు వేషమేది? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుచు రవివర్మ తమ్ముడు సి. రాజరాజవర్మతో ఉత్తరదేశమంతయు తిరిగెను. ప్రాంతమునకొక కట్టు కనబడెనే గాని సర్వసమ్మతమైన వేషము దొరకలేదు. తుదకు చీరకట్టునే పురాణస్త్రీలకు నియమించెను. నేడు సీతయన్న, ద్రౌపదియన్న మన కన్నులకు కట్టు రూపమునకు ఆ నిర్ణయమే చాలవరకు మూలము. ఈ శ్రమలో తమ్ముడు సగపాలు. చిత్రముల వెనుకనుండు కొండలు, చెట్లు, ఆకాశము వ్రాయుటలో రాజరాజవర్మ నేర్పరి. 1893లో చికాగో ప్రదర్శనమునకు పంపిన పది చిత్రములకు పతకములు వచ్చెను.

రాజమందిరములలోని చిత్రములను సామాన్యులు చూచుటెట్లు? వానిని అచ్చు వేయించి ప్రజలకు అందింపుమని దివాను సర్ టి. మాధవరావు పూర్వమే సలహా యిచ్చియుండెను. 1894లో రవివర్మ బొంబాయిలో శిలాముద్రణాలయమును స్థాపించెను. జర్మనీనుండి యంత్రములను, నిపుణులను రప్పించెను. ఈ ముద్రణలో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి కావలెను. ఒకే కాగితము రాయి తరువాత రాయిపై, వెంట్రుకవాసి జరుగకుండ, పడవలెను. మొట్టమొదట వెలువడినది శకుంతల జననము. లక్ష్మి, సరస్వతి, శ్రీరాముడు పూరిగుడిసెలకు సైతము చేరిరి. ఆలయ ప్రవేశము లేనివారి యింటిగోడపైనను దేవుడు వెలసెను. మన తెలుగునాట పూజామందిరములలో తరతరములుగా నిలిచిన పటములలో ఎన్నియో ఆ అచ్చునకు చెందినవే, లేదా దానిని చూచి వ్రాసినవే.

కాని ఇందు నష్టమును లేకపోలేదు. తైలచిత్రములో పొరపొరగా నిర్మించిన వెలుగు కొన్ని రాళ్ల రంగులకు లొంగలేదు. మూర్తుల అమరిక అచ్చులో నిలిచెను, వెలుగు జారిపోయెను. వ్యాపారమును కలసిరాలేదు. బొంబాయిలో ప్లేగు వ్యాపించెను, అప్పులు పెరిగెను. 1899లో లోనావలా చెంతనున్న మళవలికి ముద్రణాలయమును తరలించిరి. 1901లో దానిని అందు పనిచేయుచుండిన ఫ్రిట్జ్ ష్లైచర్ అను జర్మను నిపుణునికి విక్రయించిరి.

1905 జనవరిలో తమ్ముడు మరణించెను. ఆ దుఃఖములోనే, మధుమేహముతో బాధపడుచునే, రవివర్మ మైసూరు మహారాజు కోరిన చిత్రములను పూర్తి చేసెను. వానిలో ఒకటి శ్రీరాముడు సముద్రుని గర్వమణచు ఘట్టము. నల్లని మబ్బులు, పొంగు కెరటములు, మెరుపు, వానినడుమ విల్లు చేతబట్టిన రాముడు. అవసానకాలమునను అతని చేయి వెలుగును విడువలేదు. 1906 అక్టోబరు 2వ తేదీన కిళిమానూరులో రవివర్మ పరమపదించెను.

పిమ్మట అతని కీర్తికి గ్రహణము పట్టెను. ఆనంద కుమారస్వామి మొదలగు విమర్శకులు అతని దేవతలు నాటకపాత్రలవలె నున్నారనియు, పద్ధతి పరదేశముదనియు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. అయితే దేశములో పెక్కుమంది ఎరిగిన రవివర్మ అచ్చుపటముల రవివర్మయే; మూలచిత్రములను చూచి తీర్పు చెప్పగలిగినవారు కొలదిమంది. 1979లో భారత ప్రభుత్వము అతని చిత్రములను జాతీయ కళానిధులుగా ప్రకటించి, దేశము దాటిపోకుండ రక్షణ కల్పించెను.

మైసూరు జగన్మోహన మందిరమున దీపము చేతబట్టిన యువతి చిత్రమొకటి కలదు. అది ఎస్. ఎల్. హల్దంకరు వ్రాసిన నీటిరంగుల చిత్రము. అయినను దానిని రవివర్మదనియే చెప్పుకొనువారు నేటికిని ఎందరో. వెలుగు కనబడిన చోటనెల్ల జనులకు అతని పేరే స్ఫురించుట గమనింపదగినది. ఉద్యోగరీత్యా దేశము నలుమూలలకు పోవు కుటుంబములకు తిరువనంతపురము, మైసూరు, బరోడా అందరానివి కావు. ఇంటిగోడపై చిన్ననాటినుండి చూచిన మూర్తులే అచ్చట మరల ఎదురగును. గోడమీది పటమునకు రాని వెలుగు మాత్రము ఆ మూలచిత్రముల ముందు నిలిచినవారికే దర్శనమిచ్చును.