శాంతినికేతన గురుదేవుడు

రవీంద్రనాథ ఠాకూరు 1861 వ సంవత్సరము మే నెల 7 వ తేదీన కలకత్తా నగరమునందలి జోడాసాంకో భవనమున జన్మించెను. తండ్రి దేవేంద్రనాథుడు, తల్లి శారదాదేవి. 1913 లో నోబెలు బహుమానము నొందిన మహాకవిగా రవీంద్రుని మీరెల్లరు నెరుగుదురు. నలుగురి యెదుట నిలిచి పాడుటకును, పలుకుటకును, ఆడుటకును పిల్లలకు ధైర్యము గరపిన యుపాధ్యాయుడుగా నాయన నెరిగినవారు మాత్రము కొలదిమందియే.

బాల్యమున రవీంద్రునకు బడి యనిన గిట్టదు. పాఠశాలలు పెక్కు మారినను ఎచ్చటను మనస్సు నిలువలేదు. బెత్తపు దెబ్బలు, అర్థము తెలియని పాఠముల వల్లెవేత యతనికి భీతి గొలిపెను. ఇంటికి వచ్చిన పిమ్మట అతడు వసారాలోని కొయ్యకమ్ములను శిష్యులుగా భావించి, తాను గురువై, కఱ్ఱ చేత బూని వానిని బాదుచుండెడివాడు. బడిలో నేర్చిన విద్య అది! ఉపాధ్యాయులెల్లరు తలపోయదగిన ముచ్చట యిది. పదునాలుగేండ్ల ప్రాయము నాటికి అతని బడి చదువు ఇంచుమించుగా ముగిసెను.

ఇంటిలో మాత్రము వేరొక లోకము. అన్న జ్యోతిరింద్రనాథుడు పియానో వాయించుచుండగా తమ్ముడు పదములు కూర్చుచుండెను. 1881 లో రవీంద్రుడు 'వాల్మీకి ప్రతిభ' యను గేయనాటకమును రచించి, తమ యింటనే ప్రదర్శించి, తాను వాల్మీకి వేషము ధరించెను. అప్పటికి ఇరువది యేండ్లు నిండలేదు. తరగతిలో నోరు మెదపని బాలుడు రంగస్థలముపై ఇట్లు గళమెత్తుట యెట్లు సాధ్యమయ్యెనో యోచింపుడు.

1901 వ సంవత్సరము డిసెంబరు 22 వ తేదీన, కలకత్తాకు సుమారు నూరు మైళ్ల దూరమున బోల్పూరు చెంత శాంతినికేతనమున ఆయన యొక చిన్న పాఠశాలను నెలకొల్పెను. తొలుత చేరిన విద్యార్థు లైదుగురు. వారిలో తన కుమారుడు రథీంద్రనాథు డొకడు. ధనము చాలక పూరీలోని తన యింటి నమ్మెను. భార్య మృణాళినీదేవి తన నగల నిచ్చెను. మరుసటి యేడే యామె పరలోకగత యయ్యెను. అయినను బడి నిలిచెను.

చెట్ల నీడలే అచ్చటి తరగతి గదులు. బెత్తమునకు చోటు లేదు. విద్యార్థులు తమ సాహిత్యసభలలో స్వయముగ వ్రాసిన కథలను, పద్యములను సభవారి యెదుట చదువుదురు. కొందరు పాడుదురు, కొందరు ప్రసంగింతురు. సభికులు చప్పట్లు చరచుటకు మారుగ సాధు సాధు యని మెచ్చుకొందురు. మాట తడబడు బాలునకు ఇంతకు మించిన యౌషధ మేమి కావలయును?

నాటకములకు రవీంద్రుడే దగ్గర నుండి అభ్యాసము చేయించెడివాడు. ఆ యభ్యాసములను మూసిన తలుపుల వెనుక జరుపక, ఎల్లరు చూచునట్లు జరుపుట ఆయనకు ప్రియము. వేషము లేని పిల్లలు సైతము పాటలన్నియు నేర్చుకొనిరి. 1916 లో బాంకురా సీమలోని క్షామపీడితుల సహాయార్థము 'ఫాల్గుణి' నాటకమును కలకత్తాలో నాడిరి. అందు గురుదేవుడు తన విద్యార్థులతో పాటు అంధగాయకుడై రంగమెక్కెను. 1919 ఫిబ్రవరిలో మన మదనపల్లెకు వచ్చి, అచ్చటి దివ్యజ్ఞాన కళాశాల విద్యార్థుల నడుమ తన 'జనగణమన' గీతమును పాడి, దాని నాంగ్లమున ననువదించెను.

ఇక నృత్యము సంగతి. ఆ కాలమున మర్యాదగల యింటి బాలికలు పదుగురిలో నాట్యమాడుట గొప్ప తప్పుగా నెంచబడుచుండెను. 1919 నవంబరులో సిల్హెట్టున మణిపురి నృత్యమును చూచి రవీంద్రుడు ముగ్ధుడయ్యెను. పిమ్మట త్రిపుర మహారాజు సహాయమున ఒక మణిపురి నాట్యాచార్యుని రప్పించెను. మొదట బాలురు మృదంగపు తాళమునకు అడుగులు వేయ నేర్చిరి. బాలికల వంతు వచ్చుటకు మరికొన్ని యేండ్లు పట్టెను.

1926 లో ఆయన 'నటీర్ పూజ' యను నాటకమును బాలికలకొరకే వ్రాసెను. బుద్ధదేవుని స్తూపమును పూజింపరాదని రాజాజ్ఞ. ఆ స్తూపము చెంతనే నాట్యమాడవలయునని శ్రీమతి యను నర్తకికి మరియొక యాజ్ఞ. ఆమె నాట్యమాడుచు ఆభరణముల నొక్కొక్కటిగా విసర్జించును. తుదకు భిక్షుణివేషమున నిలిచి ప్రాణములర్పించును. ఈ పాత్రను చిత్రకారుడు నందలాల్ బోసు కుమార్తె గౌరి ధరించెను. 1927 జనవరిలో కలకత్తాలో ప్రదర్శించునపుడు నిందలు వచ్చునేమో యను శంక కలిగెను. అంతట రవీంద్రుడు ఉపాలి యను భిక్షువు పాత్రను క్రొత్తగా చేర్చి, తానే యా వేషమున రంగముపై నిలిచెను. అనగా, ఎవరైన రాయి విసరదలచినచో అది తొలుత తనకు తగులవలయునని గాబోలు! బాలికలకు ధైర్యము చెప్పు పెద్దలు పెక్కురు. వారి ప్రక్కన నిలుచువా రరుదు. గౌరి నాట్యమును చూచినవారు మిగుల ప్రశంసించిరి.

1921 లో విశ్వభారతిగా విస్తరించిన ఆ విద్యాలయమును ధనాభావము విడువలేదు. 1936 లో, డెబ్బదియైదవ యేట, ఆయన 'చిత్రాంగద' నృత్యనాటకముతో విద్యార్థుల వెంటబెట్టుకొని పాట్నా, అలహాబాదు, ఢిల్లీ, లాహోరు నగరములు తిరిగెను. ఈ ముదిమిలో కవి యిట్లు ఊరూర తిరుగుట చూచి గాంధీ మహాత్ముడు మిక్కిలి నొచ్చుకొని, ఒక దాతచే అరువదివేల రూపాయలు ఇప్పించి, ఇక విశ్రాంతి గొనుమని ప్రార్థించెను. యాత్ర తగ్గెనే గాని నాట్యము తగ్గలేదు. 1938 లో 'చండాలిక', 1939 లో 'శ్యామ' శాంతినికేతన విద్యార్థులచే ప్రదర్శింపబడెను.

1941 జులై 25 వ తేదీన రోగపీడితుడైన గురుదేవుని చికిత్సకై శాంతినికేతనమునుండి కలకత్తాకు గొనిపోయిరి. ఆగస్టు 7 వ తేదీన, తాను పుట్టిన జోడాసాంకో భవనముననే ఆయన కన్ను మూసెను.